కాలువగట్టు చెప్పెడి కథ

విజయవాడకు వచ్చిన బంధువులు చూడదగిన స్థలము లేవియని యడిగినచో, మనము తడవుకొనకుండ ఇంద్రకీలాద్రిని, ఉండవల్లి గుహలను, కొండపల్లి కోటను జెప్పుదుము. అవి నిజముగ జూడదగినవే. ఒకే కొండను నాలుగంతస్తులుగ దొలిచిన ఉండవల్లి శిల్పుల నేర్పును మెచ్చనివా రుండరు. కాని ఆ గుహలను జూచుటకై ప్రకాశము బారేజిని దాటిపోవునప్పుడు, దాని రెండు కొనలయందు బయలుదేరు కాలువలను నిలిచి చూచువా రెందరు? ఆ కాలువలపై నున్న లాకును, తూమును, గట్టును గూడ కట్టడములని యెంచువా రెందరు? ప్రతిదినము కంట బడుచుండుటచేతనే అవి మన దృష్టికి రాకున్నవి. అట్టి సామాన్యపు కట్టడములను గూర్చి ఈ వ్యాసమున కొంత తెలుపదలచితిని.

మొదట మన నేల స్వభావమును గ్రహింపవలెను. కృష్ణా డెల్టా కంటికి బల్లపరుపుగ దోచును గాని, నీటికి అట్లు దోచదు. నది వరదకాలమున ఒండ్రును దెచ్చి, తన యొడ్డుల చెంతనే యెక్కువగ వేయును. అందుచేత నదీతీరపు నేల మెరకగను, దూరపు నేల పల్లముగను ఏర్పడినది. ఇంజనీరులు ఈ సంగతిని గుర్తించి, సాగునీటి కాలువలను మెరకల వెంబడి త్రవ్వించిరి. మెరకమీద బారు కాలువనుండి నీరు ఇరుప్రక్కల పొలములకు తనంతట దిగును. పొలములు విడిచిన నీరును, వాననీరును పల్లములలోని మురుగు కాలువలలో బడి, సముద్రమునకో కొల్లేటికో చేరును. మెరకను కాలువకును, పల్లమును మురుగునకును విడిచిన ఈ యేర్పాటే మన సీమకు మూలసూత్రము.

ఈ యేర్పాటు ఊరక కలిగినది కాదు. 1832–33లో వచ్చిన నందన కరువు గుంటూరుసీమను శ్మశానప్రాయముగ జేసెను. రమారమి ఇరువదియేండ్ల పిమ్మట సర్ ఆర్థరు కాటను ప్రోత్సాహమున, కెప్టెను ఛార్లెసు ఆర్ అను ఇంజనీరు 1852లో విజయవాడ, సీతానగరము కొండల నడుమ కృష్ణకు ఆనకట్ట నారంభించి, 1855లో ముగించెను. 1952 వరదలో దానికి గండిపడెను. 1957 నాటికి దాని స్థానమున ప్రకాశము బారేజి సిద్ధమయ్యెను. పాత ఆనకట్ట పోయినను, దాని మూలమున ఏర్పడిన కాలువల పద్ధతి పోలేదు. నేటికిని బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ విజయవాడ పేటల నడుమనుండియే పారుచున్నవి.

కాలువనీరు పైరునకే గాక పడవలకును పనికిరావలెనని కాటను తలంపు. ఇచ్చటనే లాకు అవసరమయ్యెను. కాలువ సముద్రమువైపునకు దిగుచు పోవలెను. నేలవాలు ననుసరించి దానిని వదలినచో, నీటివడికి గట్లు కోసికొనిపోవును, పడవ ఎదురెక్కలేదు. కావున కాలువను మెట్లుమెట్లుగ దించి, మెట్టు వచ్చినచోట లాకు కట్టిరి. లాకనగా రెండు గోడల నడుమ నుండు ఒక పెద్ద తొట్టి. దానికి ఎగువ నొక జత తలుపులు, దిగువ నొక జత తలుపులు ఉండును. ఎగువకు బోవు పడవ తొట్టిలో బ్రవేశింపగానే దిగువ తలుపులను మూసి, ఎగువనుండి కొంచెము కొంచెముగ నీరు విడుతురు. నీటితోబాటు పడవయు లేచును. తొట్టినీరును ఎగువనీరును సమమైనప్పుడు పై తలుపులు సులభముగ దెరచుకొనును. పడవ దిగునప్పుడు ఇదే పనిని తారుమారుగ జేయుదురు. ఇందు ఆవిరితో గాని, విద్యుత్తుతో గాని పనిలేదు. మరియొక విశేషము: ఆ తలుపులు తిన్నగ గాక, ఎగువవైపునకు మొనదేలి కలిసికొనును. అందుచేత నీటి త్రోపుడు హెచ్చినకొలది అవి మరింత బిగిసికొనును. దొంగనే కావలి పెట్టినట్లు, నీటినే నీటికి కావలిగ నిలిపిన యుక్తి యిది.

ఈ లాకుల మీదుగ ఒకప్పుడు ధాన్యపు పడవలు ఏలూరు కాలువవెంట గోదావరి కాలువలలో బ్రవేశించి కాకినాడ వరకును, పడమటిదిక్కున కొమ్మమూరు కాలువవెంట బకింగుహాము కాలువ జేరి చెన్నపట్టణము వరకును పోవుచుండెడివి. గాలి లేనప్పుడు పడవవాండ్రు గట్టుమీద మోకు పట్టి లాగుచు నడచెడివారు. రైళ్లును లారీలును హెచ్చిన తరువాత పడవలు నిలిచిపోయినవి. దుగ్గిరాలవంటి యూళ్లలో జనులు నేటికిని "లాకుల దగ్గర" అని గుర్తు చెప్పుకొందురు. లాకు చేసిన పనిని మాత్ర మెరిగినవా రరుదు.

"పనికిరాని పాతవస్తువును మరచిన నేమి నష్టము?" అని యెవరైన నడుగవచ్చును. దీనికి బుడమేరు ప్రత్యుత్తరము చెప్పినది. ఈ యేరు మైలవరమువైపు కొండలలో బుట్టి, పల్లము వెదకికొనుచు కొల్లేటికి బోవును. ఎనికేపాడు దగ్గర మెరకమీద బారు కాలువలు దాని త్రోవకు అడ్డమువచ్చుటచేత, ఏటినీరు కాలువల క్రిందుగ బోవుటకు సొరంగములు కట్టిరి. పైన ఒక నీరు, క్రింద ఒక నీరు! వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదనీటిని కృష్ణలోనికి మరల్చు కాలువను గూడ త్రవ్విరి. ఇన్ని కట్టడములున్నను, వాని ప్రక్కనే కాపురముండు మనకు వాని సంగతి పట్టలేదు. ఏటి పల్లములో పేటలు లేచినవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కుంభవృష్టి కురిసి, ఆ మరల్పుకాలువ గట్టునకు గండ్లు పడెను. అదే సమయమున బారేజియొద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించుచుండుటచే, ఆ నీటికి నదిలోనికిని త్రోవ చాలలేదు. సింగునగరము మొదలగు పేటలలో వేలకొలది యిండ్లు దినములతరబడి నీట నిలిచెను. నీరు క్రొత్త త్రోవ త్రొక్కలేదు. తన పాత త్రోవనే వచ్చినది. మరచినది మనము.

ఇతర దేశములవారును ఈ పాఠమును నేర్చుకొనిరి. ఇంగ్లండులో హాస్కిన్సు అను చరిత్రకారుడు 1955లో ప్రకటించిన గ్రంథమున, కంచెలను, డొంకలను, పొలపు గట్లను చరిత్రపత్రములవలె చదువవచ్చునని చూపెను. మూతబడిన కాలువలను ఉద్ధరించుటకై 1946లో అచ్చట నొక సంఘ మేర్పడెను. రెడింగునుండి బ్రిస్టలువైపు బోవు కెనెటు–ఏవను కాలువ యెన్నో యేండ్లు పాడుపడియుండి, స్థానికుల శ్రమదానముతో 1990లో మరల తెరువబడెను. ఇట్టి పనికి మొదటి మెట్టు ఊరిచుట్టు నడచి, ఉన్నదానిని చూచి వ్రాసికొనుటయే.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీరును పెద్దలను వెంటబెట్టుకొని మీ యూరి కాలువగట్టున నడువుడు. లాకు కనబడినచో దాని యెగువ దిగువలను గుర్తింపుడు. గోడలపై మోకు లొరసిన గాడులున్నవేమో వెదకుడు. వంతెనపై చెక్కిన సంవత్సర మున్నచో వ్రాసికొనుడు. మురుగు కాలువ యెటు పోవునో, ఇప్పుడు దాని కడ్డముగ నేమున్నదో చూడుడు. పడవ నెక్కిన తాతగారు మీ వీధిలో నున్నచో ఆయన మాటలు వ్రాసికొనుడు. తలిదండ్రులారా! ఇల్లు కట్టుటకు స్థలము చూచునప్పుడు, "ఇచ్చట నీరు ముం దెటు పోయెడిది?" అని ఒక ముసలివాని నడుగుడు. ఆ యొక్క ప్రశ్న ఒక కుటుంబమును గాపాడవచ్చును.

గుహలను జూచుటకు దూరమునుండి జనులు వత్తురు. లాకును, తూమును, ఏటిపల్లమును జూచుటకు ఎవ్వరును రారు. వానిని మనమే చూచుకొనవలెను.