ఈతకొలనును కన్న సిమెంటు తుపాకి

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ల పెరళ్లలో ఈతకొలను ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. పిల్లల సరదా కోసమని మొదలుపెడతారు, టెక్సస్ ఎండల్ని సాకుగా చూపిస్తారు, బిల్లు చేతికొచ్చాక ఇంటాయన కాసేపు మౌనవ్రతం పడతాడు. ఆ గుంటలోకి సిమెంటు చిమ్మే యంత్రం ఎవరి బుర్రలో పుట్టిందో తెలిస్తే మాత్రం ఆ మౌనం వీడుతుంది. అది ఇంజినీరు బుర్ర కాదు. చచ్చిన జంతువుల తోళ్లను బొమ్మలకు తొడిగి, ప్రాణమున్నట్టు మ్యూజియంలో నిలబెట్టే కార్ల్ ఏక్లీ అనే పనివాడిది.

ఏక్లీ 1864లో న్యూయార్క్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టాడు. బడిచదువు అంతంతమాత్రం. జంబో అనే సర్కస్ ఏనుగు 1885లో రైలు ఢీకొని చనిపోతే, దాన్ని మళ్లీ నిలబెట్టిన పనివాళ్లలో ఈ కుర్రాడూ ఉన్నాడు. 1896లో ఆఫ్రికాలోని సోమాలీలాండ్‌లో మీదపడ్డ చిరుతను ఉత్త చేతులతో చంపి బతికి బయటపడ్డాడు. అప్పటిదాకా జంతువును నిలబెట్టాలంటే తోలులో గడ్డి కుక్కి కుట్టేసేవారు. ఆ పద్ధతి ఈయనకు నచ్చలేదు. కండరాలు, నరాలతో సహా ముందు బొమ్మ మలిచి, దానిమీద తోలు తొడిగేవాడు. ఆ పనిలో పిండిలాంటి పదార్థాల్ని గాలితో చిమ్మే చిన్న పరికరం ఒకటి ఆయన చేతికింద తయారైంది.

ఏక్లీ పనిచేసే చికాగో ఫీల్డ్ మ్యూజియం అప్పట్లో ఒక పాత భవనంలో ఉండేది. 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ భవనం పైపూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. 1907 ప్రాంతంలో దాన్ని బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడు, బొమ్మల మీద చిమ్మేదాన్నే పెద్దదిగా చేసి గోడమీద చిమ్మితే పోలేదా అనుకున్నాడు ఏక్లీ. అలా పుట్టింది సిమెంటు తుపాకి.

దాని కిటుకంతా నీళ్లు ఎక్కడ కలుస్తాయన్న దాంట్లో ఉంది. సిమెంటును ముందే తడిపి గొట్టంలోకి తోస్తే దారిలోనే బిగుసుకుని గొట్టం మూసుకుపోతుంది. ఏక్లీ ఇసుక, సిమెంటును పొడిగానే పంపాడు. ఒకదానిమీద ఒకటిగా రెండు అరలు. పై అర నింపుతున్నా కింది అరలోంచి పొడి ఆగకుండా గొట్టంలోకి వెళుతూనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న గాలి దాన్ని తోసుకుపోతుంది. చివరన నాజిల్ దగ్గర చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి నీళ్లు జల్లుగా తగులుతాయి. అంటే సిమెంటు తడవడం, గోడకు తగలడం దాదాపు ఒకే క్షణంలో జరుగుతాయి. ఎన్ని నీళ్లు కలవాలో నాజిల్ పట్టుకున్న మనిషే కవాటం తిప్పుతూ నిర్ణయిస్తాడు. గోడ మీద పడ్డదాని మెరుపు చూసి చెప్పేస్తాడు, ఎక్కువైందో తక్కువైందో. వేగంగా కొట్టుకోవడం వల్ల పూత దానంతటదే దట్టంగా కుదురుకుంటుంది, కింద పలకలు కట్టే పని ఉండదు.

కొట్టినదాంట్లో కొంత ఎగిరి కింద పడుతుంది. దాన్ని రీబౌండ్ అంటారు. అందులో ఎక్కువ ఇసుకే, సిమెంటు బహు తక్కువ. పారేయాల్సిన ఆ చెత్తను కూడదీసి కొలను మెట్లకు, కూర్చునే అరుగులకు వాడేసే మేస్త్రీలు ఉంటారు. పైపూత పడ్డాక అది పైకి కనబడదు గనక, కట్టేటప్పుడే యజమాని అక్కడ నిలబడి చూసుకోవడం మేలు.

1911లో ఏక్లీకి పేటెంటు వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ కంపెనీ ఆ యంత్రాన్ని, అది చిమ్మే పూతకు పెట్టిన గనైట్ అన్న పేరును ప్రపంచానికి అమ్మింది. గనుల్లో, సొరంగాల్లో, పాత కట్టడాల మరమ్మతుల్లో అది దూరిపోయింది. మన దగ్గర కూడా వంతెనలు, డ్యాముల మరమ్మతు టెండర్లలో గనైటింగ్ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. ఏక్లీ మాత్రం మళ్లీ తన ఏనుగుల దగ్గరికే వెళ్లిపోయాడు. 1926లో కాంగో కొండల్లో గొరిల్లాల మధ్య జబ్బుపడి కన్నుమూశాడు. పెరటి కొలనుల సందడి అప్పటికింకా మొదలే కాలేదు.

ఆ సందడి కాలిఫోర్నియాది. అంతకుముందు కాంక్రీటు కొలను అంటే చెక్క పలకలు కట్టి పోతపోయాలి. పలకలు వంగవు గనక కొలనూ పెట్టెలా ఉండేది, ఖర్చూ ఎక్కువే. గనైట్‌కైతే తవ్విన మట్టి గుంటే అచ్చు. ఇనుప చువ్వలు కట్టి చిమ్మితే చాలు, ఎటు కావాలంటే అటు వంపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మధ్యతరగతి పెరటిలోకి కొలను దిగడానికి ఇదో పెద్ద కారణం. 1970ల కరువులో నీళ్లు లేక ఎండిన ఆ గుండ్రటి గుంటల్లోనే కాలిఫోర్నియా కుర్రాళ్లు స్కేట్‌బోర్డు విద్య నేర్చారు. చదరపు కొలనులైతే గుంటల్లో ఆడే ఆ తరహా ఆట పుట్టేది కాదేమో.

గనైట్ పెంకు గరుకుగా ఉంటుంది. దానిమీద తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపిన పూత వేస్తారు. మందం సుమారు 10 నుంచి 13 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో టైల్స్ అతికించడం ఎక్కువ, అమెరికాలో పూతే ఎక్కువ. అడుగున మేకులున్న చెప్పులు తొడుక్కుని, తడి పూత మీదే నడుస్తూ, తాపీలతో ఒక్క రోజులో ముగించేస్తారు. ఆ తర్వాత వారం ఎండబెడదామనుకుంటాం, సరిగ్గా అదే చేయకూడదు. ఎండితే పూత బీటలిస్తుంది. సిమెంటుకు గట్టిపడటానికి కావలసింది నీరే. అందుకే పూత ముగిసిన కొన్ని గంటల్లోనే నీళ్లు వదులుతారు. కొలను నింపడం కట్టుబడిలో ఆఖరి పని, గృహప్రవేశం కాదు.

10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతున్న కొలనుకు 75,000 లీటర్లు పడుతుంది. నిమిషానికి 30 లీటర్లిచ్చే గొట్టంతో దాదాపు 42 గంటలు. మధ్యలో ఆపితే నీటి అంచు దగ్గర చెరగని గీత పడుతుంది. గొట్టం మూతికి గుడ్డ చుట్టి, లోతైన చోట పెడతారు, లేదంటే ధార తగిలిన చోట పచ్చి పూత లేచిపోతుంది.

తర్వాత కథ రసాయనానిది. సిమెంటు గట్టిపడుతూ కాల్షియం హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. మనం గోడలకు వేసే తడిసున్నమే అది. నీటిలో కరిగిన బైకార్బొనేట్‌తో కలిసి తెల్లటి పొడిగా అడుగున చేరుతుంది, నీటి పీహెచ్ పెరిగిపోతుంది. అందుకే మొదటి రోజుల్లో పూటపూటా బ్రష్‌తో తుడవాలి, కొలతలు చూసుకుంటూ ఆమ్లం వేయాలి. ఆర్వో నీళ్లో వాననీళ్లో పోస్తే ఇంకా శ్రేష్ఠమనుకునేవాళ్లుంటారు. అది పొరపాటు. అంత మెత్తటి నీరు తనకు లేని కాల్షియాన్ని పూతలోంచే లాక్కుంటుంది. మరీ కఠినమైన బోరు నీరైతే పూత మీద గార కడుతుంది. నీరు ఎటు మొగ్గుతోందో లెక్కకట్టే సూత్రాన్ని 1936లో లాంజిలియర్ అనే ప్రొఫెసర్ ఇచ్చాడు. నిజానికి ఆయన చూసింది ఊళ్ల మంచినీటి పైపుల గురించి. కొలనులవాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి. పైన చెప్పిన కొలను పెంకు 15 సెంటీమీటర్ల మందమైతే దాని బరువు 34 టన్నులకు అటూ ఇటూ. చుట్టూ భూగర్భజలం నిండుగా ఉన్నప్పుడు దాన్ని ఖాళీ చేస్తే, ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం 80 టన్నులకు పైగా బలం కిందినుంచి పైకి తోస్తుంది. ఖాళీ కొలను పడవలా మట్టిలోంచి పైకి లేచిన సంఘటనలున్నాయి. అడుగున పీడనం వదిలే కవాటం పెట్టేది ఇందుకే. శుభ్రం చేద్దామని వానాకాలంలో కొలను ఖాళీ చేయించకండి.

కొత్తగా కట్టించుకున్నవాళ్లు ఇంకో రెండు జాగ్రత్తలు రాసిపెట్టుకోండి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఉప్పునీటి క్లోరినేటర్ ఉన్నా సరే, మొదటి 28 రోజులు ఉప్పు వేయకండి.