కారు మూలుగుతోందా? పాటలు ఆపి వినండి!

కొన్నేళ్ళ కిందటి మాట. జర్నల్ స్క్వేర్ దగ్గర ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న మేము నలుగురం తలా కొంత వేసుకుని ఒక పాత కారు కొన్నాం. అమ్మినాయన ఇండియా వెళ్ళిపోతూ 3,800 డాలర్లకి ఇచ్చేశాడు. నెల తిరక్కుండానే మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. "పాత బండి కదా, మామూలే" అనుకున్నాం. చప్పుడు పెరిగింది. మేమేమో పాటల సౌండు పెంచాం.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే టొనెల్ సర్కిల్ దగ్గర కారు ఆగిపోయింది. గ్యాస్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి అంగుళం కదలదు. ఇంకో రెండు నిమిషాలైతే పులాస్కి స్కైవే మీద ఉండేవాళ్ళం. 1932లో తెరిచిన ఆ వంతెన మీద కారు పక్కకి తీసి ఆపుకోవడానికి షోల్డర్ కూడా ఉండదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

టో చేయించి తీసుకెళ్ళిన మొదటి గరాజ్‌లో "ట్రాన్స్‌మిషన్ పోయింది, 2,400 అవుతుంది" అన్నారు. అంత డబ్బు మా దగ్గర లేదు కాబట్టి రెండో చోటికి వెళ్ళాం. అక్కడి మెకానిక్ కారుని లిఫ్ట్ ఎక్కించి, గేరులో పెట్టించి, మమ్మల్ని కిందకి పిలిచి చూపించాడు. షాఫ్ట్ తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. అంటే ట్రాన్స్‌మిషన్ తన పని తాను చేస్తూనే ఉంది. పోయింది యాక్సిల్ చివర ఉండే కీలు. 280 డాలర్లతో పని అయిపోయింది.

చక్రం దాకా ఏం జరుగుతుంది?

కారు బాగుచేయడం మనకి రానక్కర్లేదు. ఇంజను నుంచి చక్రం దాకా తిరుగుడు ఎలా వస్తుందో తెలిస్తే చాలు, చప్పుడు ఎక్కడ పుట్టిందో సగం తెలిసినట్టే.

ఇంజన్లో పిస్టన్లు కిందికీ పైకీ ఆడతాయి. ఆ ఊపుని క్రాంక్‌షాఫ్ట్ గుండ్రటి తిరుగుడుగా మారుస్తుంది. ట్రాన్స్‌మిషన్ ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. తర్వాత డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రెండిటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది ఇదే. ఒకవైపు యాక్సిల్ విరిగితే తిరుగుడంతా ఆ తేలిక వైపుకే పోతుంది. మా కారు అరిచి కదలకపోవడానికి కారణం అదే.

మన ఎడ్లబండికి ఇరుసు కదలదు, చక్రమే దాని మీద తిరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారులో మాత్రం యాక్సిలే తిరుగుతూ చక్రాన్ని తిప్పుతుంది. పైగా స్టీరింగుతో పాటు పక్కకి వంగాలి, గతుకుల్లో పైకీ కిందకీ ఊగాలి. అందుకే దాని చివర సీవీ జాయింట్ అనే కీలు ఉంటుంది. లోపల ఉక్కు గుండ్లు, గ్రీజు, పైన మడతల రబ్బరు బూట్. ఆ బూట్ చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, ఇసుకా నీళ్ళూ లోపలికి పోతాయి. కందెన లేని ఇరుసు గతి ఏమిటో మనవాళ్ళకి వేరే చెప్పాలా?

గంటకి 60 మైళ్ళ వేగంలో మామూలు కారు చక్రం నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంది. చిన్న లోపం పెద్దది కావడానికి ఎన్నో రోజులు పట్టదు.

చప్పుడుని బట్టి రోగం

ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. చప్పుడు ఇంజను వేగంతో పెరుగుతోందా, కారు వేగంతో పెరుగుతోందా? పార్కులో ఉంచి కొంచెం గ్యాస్ ఇచ్చినా వినిపిస్తే అది ఇంజను వైపుది. కదిలినప్పుడే వస్తుంటే చక్రాల వైపు వెతకాలి.

మలుపులో టకటక: సీవీ జాయింట్. ముందు చక్రం లోపలి వైపు గ్రీజు మరకలు ఉన్నాయేమో చూడండి.

వేగంతో పెరిగే బొయ్‌మనే మోత: చక్రం బేరింగు. ఎడమకి తిరిగినప్పుడు మోత పెరిగితే, బరువు కుడివైపు పడుతుంది కాబట్టి కుడి బేరింగుని అనుమానించాలి. రోడ్డు మారగానే మోత మారిపోతే అది టైరుది కావచ్చు.

55 మైళ్ళు దాటాక స్టీరింగ్ వణుకు: చక్రాల బ్యాలెన్స్. చలికాలం గుంతల తర్వాత ఇది మామూలే. బ్రేకు వేసినప్పుడే వణికితే రోటర్లు చూపించండి.

కారు ఒక పక్కకి లాగడం: ముందు టైర్లలో గాలి చూడండి. అది సరిగ్గా ఉంటే అలైన్‌మెంట్ చేయించాలి.

బ్రేకు కీచుమంటే ప్యాడ్లు అరిగాయన్న హెచ్చరిక కావచ్చు. ఇనుము ఇనుముని గీరిన చప్పుడు వస్తే ఇక నడపకండి.

'చెక్ ఇంజన్' లైటు వెలగలేదు కదా అని ధీమా వద్దు. అది ముఖ్యంగా ఇంజను, పొగ సంగతులు చెబుతుంది. బేరింగు అరిగినా, బూట్ చిరిగినా దానికి తెలియదు. ఆ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే పక్కకి ఆపాలి. ఎలక్ట్రిక్ కార్లకీ యాక్సిళ్ళు, బేరింగులు ఉంటాయని మరవకండి.

స్టిక్కర్ చూసి మోసపోవద్దు

అద్దం మీద ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ ఉంది కాబట్టి బండి బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. న్యూజెర్సీలో 2010 ఆగస్టు నుంచి మామూలు కార్లకి బ్రేకులు, స్టీరింగ్ లాంటి మెకానికల్ పరీక్షలు ఎత్తేశారు. పొగకి సంబంధించిన పరీక్షే మిగిలింది. చక్రాలు చూసుకోవలసింది మనమే.

కొనే ముందు మనకి తెలిసిన మెకానిక్‌కి కారు చూపించండి. ఓ వంద డాలర్లు ఖర్చయినా నష్టం లేదు. డీలరు దగ్గర కొంటే న్యూజెర్సీ యూజ్డ్ కార్ లెమన్ చట్టం కొంత అండ ఇస్తుంది. 60,000 నుంచి 1,00,000 మైళ్ళ మధ్య తిరిగిన కారుకి 30 రోజులు లేదా 1,000 మైళ్ళు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంటుంది. సీవీ జాయింట్లు, ముందు బేరింగులు కూడా అందులోకి వస్తాయి. అయితే 3,000 డాలర్ల లోపు కార్లకి, ఏడేళ్ళు దాటిన మోడళ్ళకి ఇది వర్తించదు. 60,000 మైళ్ళు దాటిన కారుకి వారంటీ వదులుకుంటున్నట్టు మీ చేత సంతకం పెట్టించుకునే వీలుంది కాబట్టి కాగితం చదవకుండా సంతకం చేయకండి. మాలాగా విడి మనిషి దగ్గర కొంటే ఈ చట్టం పనికిరాదు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. తీసిన పాత పార్టు తిరిగి కావాలని ముందే చెప్పండి. పెద్ద రిపేరు అంటే రెండో గరాజ్‌లో కూడా అడగండి. మాకు 2,000 డాలర్లకి పైగా మిగిలింది అలాగే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో పాటలు ఆపి, కిటికీలు దించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఎడమకి ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు వేయండి. అయిదు నిమిషాల పని. టకటక వినిపిస్తే సోమవారం స్కైవే ఎక్కకండి, పాత్ రైలెక్కండి!