మీకు తెలుసా? రెజిన్ నమూనాగా ‘హైదరాబాద్’ యుద్ధవిమానం

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) 110వ స్క్వాడ్రన్‌కు తొలి డీహెచ్-9ఏ బాంబర్లను కానుకగా ఇచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ దళం పేరులో హైదరాబాద్ చేరింది అందుకే. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్, పోలండ్ మీదుగా చివరకు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం చేరింది. నమూనా చేసేవారికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం దొరకదు.

అసలు విమానం రెక్కల వెడల్పు సుమారు 14 మీటర్లు; 1:48 కొలతలో అది 29 సెంటీమీటర్లు. రెజిన్ భాగాలను సిలికాన్ రబ్బరు అచ్చుల్లో పోతపోస్తారు. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డును ముందే సబ్బునీళ్లతో కడగాలి, లేకుంటే రంగు నిలవదు. వంగిన రెక్కను వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే గాజుపలక మీద అదిమి, చన్నీళ్లలో చల్లారిస్తే తిన్నగా నిలుస్తుంది. ప్లాస్టిక్ నమూనాల జిగురు రెజిన్‌కు పనిచేయదు. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. అసలు చిక్కంతా రెండు రెక్కల నడుమ నిలిచే సన్నని కర్రలతోనే. రెజిన్‌తో చేసినవి పుటుక్కున విరుగుతాయి, ఇత్తడి తీగతో చేసుకోవడం మేలు. రెజిన్ భాగాలను నునుపు చేయడానికి రుద్దేటప్పుడు రేగే పొడి ఊపిరితిత్తులకు హానికరం కనుక తడిపి రుద్దాలి, మాస్కు తప్పనిసరి.