చెరువు నీటిలో రొయ్యల చుట్టాలు

చెరువు, కుంట, వరిమడి నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూస్తే, సన్నని చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేషియా సముదాయానికి చెందిన జీవులే. ఎక్కువ వాటి పొడవు 0.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మంచినీటిలో తరచుగా దొరికేవి మూడు గుంపులు: ఆస్ట్రకోడా, క్లాడోసెరా, కోపిపోడా. ఏది ఏ గుంపుదో తేల్చడానికి 10 రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. కాకపోతే శరీర భాగాలను ఒక వరుసలో చూడాలి.

మొదట పెంకు చూడాలి. ఆస్ట్రకోడ్‌ ఒళ్లంతా, తలతో సహా, ఆల్చిప్పలాంటి రెండు చిప్పల మధ్య దాగి ఉంటుంది. కదిలేటప్పుడు మాత్రం స్పర్శశృంగాలు, కాళ్లు బయటికి వస్తాయి. డాఫ్నియా, మోయినా వంటి క్లాడోసెరా జీవులకు పెంకు మొండేన్ని మాత్రమే కప్పుతుంది, తల బయటే ఉంటుంది. కోపిపోడ్‌లకు ఇలాంటి చిప్పలు ఉండవు. ముందు వెడల్పుగా, వెనక సన్నగా, కణుపులు కణుపులుగా ఉన్న శరీరం స్పష్టంగా కనిపిస్తుంది. తోక చివర రెండు పాయలు, వాటికి కుచ్చులా వెంట్రుకలు ఉంటాయి.

తర్వాత స్పర్శశృంగాలు. క్లాడోసెరాలో రెండో జత పెద్దది, రెండు కొమ్మలుగా చీలి ఉంటుంది. దానితో నీటిని తోస్తూ జీవి గెంతుతున్నట్టు ఈదుతుంది. డాఫ్నియాను పక్క నుంచి చూస్తే పారదర్శకమైన ఒంట్లో ఒకే ఒక నల్లని కన్ను అదురుతూ ఉంటుంది. తల వెనక, వీపు వైపు గుండె వేగంగా కొట్టుకుంటుంది. దాని కిందుగా, పెంకుకూ వీపుకూ మధ్య ఉన్న గదిలో గుడ్లు కనిపిస్తాయి. మోయినా కూడా ఇలాగే ఉంటుంది గానీ, డాఫ్నియాకు ఉండే ముక్కులాంటి మొన, పెంకు చివరి ముల్లు దానికి ఉండవు. చేపపిల్లల మేతగా పెంచేవారికి ఈ తేడా బాగా పనికొస్తుంది.

కోపిపోడ్‌లలో మొదటి జత స్పర్శశృంగాలే ఆనవాలు. అవి దాదాపు శరీరమంత పొడవుంటే డయాప్టోమస్ వంటి కాలనాయిడ్. శరీరం ముందు భాగాన్ని దాటకపోతే సైక్లాప్స్ వంటి సైక్లోపాయిడ్. మరీ పొట్టిగా ఉంటే హార్పాక్టికాయిడ్. ఆడదైతే గుడ్ల సంచులూ సాక్ష్యం చెబుతాయి: సైక్లాప్స్‌కు తోకకు అటొకటి, ఇటొకటి రెండు సంచులు, కాలనాయిడ్‌కు సాధారణంగా పొట్ట కింద ఒకటే.

సైక్లాప్స్‌ను గుర్తుపట్టడం ప్రజారోగ్యానికి కూడా ముఖ్యమైంది. నారికురుపు వ్యాధిని కలిగించే పురుగు పిల్లలు దీని ఒంట్లోనే పెరిగి, తాగునీటితో మనిషిలోకి చేరేవి. ఆ వ్యాధి ఒకప్పుడు ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సైక్లాప్స్ గుడ్డలో చిక్కేంత పెద్దది కాబట్టి, నీటిని వడకట్టి తాగడం మంచి రక్షణగా నిలిచింది. భారతదేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాన్ని ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రకటించింది.

రెండు చోట్ల పొరబడే అవకాశం ఉంది. మూడు జతల ఉపాంగాలు, ఒకే కన్నుతో గుండ్రంగా కనిపించే నాప్లియస్ వేరే జాతి కాదు, కోపిపోడ్‌ల పిల్ల దశ. అలాగే వేటాడే జీవులు వదిలే రసాయనాలు నీటిలో ఉంటే, కొన్ని డాఫ్నియాలకు తలపై శిఖలాంటి మొన, మెడపై పళ్లలాంటి ముళ్లు పెరుగుతాయి. అందుకే తల ఆకారాన్ని బట్టే జాతిని నిర్ణయించకూడదు.

జాతి వరకు వెళ్లాలంటే మైక్రోస్కోపు తప్పదు. కాలనాయిడ్ మగవాటిలో కుడి స్పర్శశృంగం ఒక్కటే, సైక్లాప్స్ మగవాటిలో రెండూ, ఆడదాన్ని పట్టుకోవడానికి వీలుగా మడత కీలుతో ఉంటాయి. కాలనాయిడ్ జాతుల మధ్య తేడా మగదాని అయిదో జత కాళ్లలో, సైక్లాప్స్ జాతుల మధ్య తేడా అయిదో కాలి కణుపుల్లో, తోక పాయల్లో బయటపడుతుంది. డాఫ్నియా విషయంలో పొట్ట చివరి గోళ్లపై ఉన్న సన్నని పళ్ల వరుసలను పరిశీలిస్తారు.