సిప్రో వంశం

క్వినొలోన్ మందుల వంశానికి మూలపురుషుడు నాలిడిక్సిక్ ఆసిడ్. అమెరికాలోని స్టెర్లింగ్-విన్‌త్రాప్ సంస్థలో మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో మిగిలిన ఒక ఉపపదార్థానికి బ్యాక్టీరియాను అణిచే గుణం ఉందని జార్జ్ లెషర్ బృందం గమనించింది. దాన్ని మెరుగుపరచి 1962లో నాలిడిక్సిక్ ఆసిడ్‌ను ప్రకటించింది. మింగిన మందు మూత్రంలోకి బాగానే చేరేది కానీ రక్తంలో, కండరాల్లో చాలినంత నిలిచేది కాదు. అందువల్ల అది మూత్రనాళ ఇన్ఫెక్షన్లకే పరిమితమైంది.

వంశం దశ తిరిగింది జపాన్‌లో. 1970ల చివర్లో క్యోరిన్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు ఈ అణువులో ఆరో స్థానంలో ఫ్లోరిన్‌ను, ఏడో స్థానంలో పైపరజీన్ అనే వలయాన్ని చేర్చి నార్‌ఫ్లాక్సాసిన్‌ను తయారుచేశారు. చూడటానికి చిన్న మార్పే, మందు బలం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. జర్మనీలో బేయర్ సంస్థ దాన్ని ఇంకొంచెం మార్చి సిప్రోఫ్లాక్సాసిన్‌ను సాధించింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందునే మన మెడికల్ షాపుల్లో సిప్రో అంటారు.

ఇవి చంపే పద్ధతి ఆసక్తికరమైనది. బ్యాక్టీరియా డీఎన్ఏ ఆ కణం పొడవుకు వందల రెట్లుంటుంది. కాపీ అయ్యేటప్పుడు అది బిగుసుకుపోతుంది. సిరిసిల్ల మగ్గాల దగ్గర పురి ఎక్కి మెలిపడిన నూలును ఒకచోట తెంచి, మెలిక వదిలించి, మళ్లీ అతికినట్టుగా, డీఎన్ఏను కోసి, మెలిక తీసి, తిరిగి అతికే పని జైరేజ్ అనే ఎంజైమ్‌ది. క్వినొలోన్ సరిగ్గా కోత పడిన క్షణంలో అక్కడ చొరబడి, అతుకు పడకుండా అడ్డుకుంటుంది. తెగిన డీఎన్ఏతో కణం చచ్చిపోతుంది. మన కణాల్లోని అలాంటి ఎంజైమ్ నిర్మాణం వేరు కాబట్టి, వాడే మోతాదులో దాని జోలికి పోదు.

భారతదేశంలో ఈ మందు చౌక కావడంలో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందును వేరే దారిలో తయారుచేసుకునే వీలు కలిగింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆ సంస్థ తొలినాళ్ల ముఖ్యమైన ఉత్పత్తుల్లో ఉన్నాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలు బల్క్ డ్రగ్ పరిశ్రమకు కేంద్రాలయ్యాయి.

చౌకదనం వల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. 1990 ప్రాంతంలో టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్ పనిచేయడం మానేసిన రోజుల్లో సిప్రో ఆదుకుంది. కానీ జ్వరానికీ విరేచనాలకూ రెండు మాత్రలు వేసుకుని ఆపేసే అలవాటు ముదిరింది. పదేళ్లు తిరక్కుండానే టైఫాయిడ్ క్రిమి మొండికెత్తింది. ల్యాబుల్లో ఆ సంగతి పట్టిచ్చింది ముసలి నాలిడిక్సిక్ ఆసిడే: దాని బిళ్ల చుట్టూ క్రిమి పెరిగితే సిప్రో కూడా సరిగా పనిచేయదని అర్థం. మందుగా మూలకు చేరిన అది పరీక్ష సాధనంగా మళ్లీ కొలువులో చేరింది.

పరిశ్రమ రెండో ముఖం 2007లో బయటపడింది. సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలో గరిష్ఠంగా కనిపించేది లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములే. అంటే వైద్యం పొందుతున్న మనిషి రక్తంలో కంటే శుద్ధిచేసిన నీటిలోనే మందు ఎక్కువ. ఒక్కరోజులో బయటికిపోయే సిప్రో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌కు ఐదు రోజుల వాడకానికి సమానమని ఆ బృందం లెక్కగట్టింది. క్వినొలోన్లను తట్టుకునే జన్యువులు ఆ పరిసరాల్లోని నది మట్టిలో పెద్దఎత్తున ఉన్నట్టు తర్వాతి అధ్యయనాల్లో తేలింది. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా నియమాలు తెచ్చింది. 2021లో తుది నియమాలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

కొత్త క్వినొలోన్లు తేవడం మాత్రం అంత తేలిక కాలేదు. టెమాఫ్లాక్సాసిన్‌ను 1992లో మార్కెట్‌కు వచ్చిన కొద్ది నెలలకే ఉపసంహరించారు. ట్రోవాఫ్లాక్సాసిన్ కాలేయాన్ని దెబ్బతీసింది. రక్తంలో చక్కెర స్థాయిని తారుమారు చేసిన గాటిఫ్లాక్సాసిన్ మాత్రలు, ఇంజెక్షన్లను భారత్ 2011లో నిషేధించింది. కండర బంధనాలు తెగే ప్రమాదంపై 2008లో అమెరికా ఔషధ సంస్థ ఈ తరగతి మొత్తానికీ పెద్ద హెచ్చరిక పెట్టించింది.

ఇన్ని ఎదురుదెబ్బల తర్వాత కూడా రెండు కొత్త మందులు వచ్చాయి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన డెలాఫ్లాక్సాసిన్‌కు ఆమ్ల వాతావరణంలో, అంటే చీము పట్టిన చోట, బలం పెరుగుతుంది. మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ క్రిమి మీదా అది పనిచేస్తుంది. మన దేశంలో వోఖార్డ్ రూపొందించిన లెవోనాడిఫ్లాక్సాసిన్‌కు 2020లో అనుమతి వచ్చింది. దీన్ని మాత్రగా, ఇంజెక్షన్‌గా చర్మ ఇన్ఫెక్షన్లకూ, మధుమేహుల పాదాల పుండ్లకూ వాడతారు. క్రిమి మందును బయటికి తోసేసే పంపులకు ఇది అంతగా లొంగదు.

మందు కనిపెట్టినంత మాత్రాన కంపెనీ నిలదొక్కుకుంటుందనీ చెప్పలేం. కొత్త యాంటీబయాటిక్‌ను ఆచితూచి వాడాలి, ఆచితూచి వాడితే అమ్మకాలుండవు. డెలాఫ్లాక్సాసిన్ తెచ్చిన మెలింటా 2019 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. రక్తపోటు మాత్రలు జీవితాంతం అమ్ముడుపోతాయి, యాంటీబయాటిక్ వారం రోజులతో సరి. పెద్ద కంపెనీలు ఈ రంగం నుంచి తప్పుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

క్షయలో మాత్రం క్వినొలోన్లకు విలువ పెరిగింది. మొండి క్షయకు ఏడాదిన్నర, రెండేళ్లు సాగే చికిత్సను ఆరు నెలలకు కుదించిన నాలుగు మందుల కలయికలో మాక్సిఫ్లాక్సాసిన్ ఒకటి. దీన్ని కేంద్రం 2024లో జాతీయ కార్యక్రమంలోకి తీసుకుంది. అంతకు ముందే మాక్సిఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్‌లను హెచ్1 షెడ్యూల్లో చేర్చారు: వీర్నపల్లి లాంటి చిన్న ఊళ్లో అమ్మినా, హైదరాబాద్‌లో అమ్మినా దుకాణదారు చీటీ వివరాలను వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. సిప్రోకు ఆ రిజిస్టరు అక్కర్లేదు, డాక్టరు చీటీ చాలు. ఆ చీటీ అయినా అడిగే దుకాణాలు తక్కువే.

ఇప్పుడు పరిశోధకుల చూపు పాత లక్ష్యం మీదే కొత్త దారిలో ఉంది. 2025 మార్చిలో అమెరికాలో మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు అనుమతి పొందిన జెపోటిడాసిన్ క్వినొలోన్ కాదు. జైరేజ్‌నే పట్టుకుంటుంది, అయితే క్వినొలోన్ కూర్చునే చోట కాదు, పక్కన మరోచోట. అందువల్ల సిప్రోకు లొంగని క్రిములు చాలావరకు దీనికి లొంగుతాయి.