బెంగ ఒంటికీ పడుతుంది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కుప్పకూలాయి. గాలి కొన్ని గంటల్లో ఆగింది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే మాత్రం ఐదారేళ్లయినా పడుతుంది. అన్నాళ్లూ అప్పు ఆగదు, వడ్డీ ఆగదు, పిల్లల ఫీజులు ఆగవు. ఒక్క రాత్రి భయం వేరు, ఏళ్ల తరబడి తెమలని చింత వేరు. మన ఒళ్లు మాత్రం రెండింటికీ అవే హార్మోన్లను బయటికి తీస్తుంది. అందుకే వాటి గురించి ఇన్ని అపోహలు.

అపోహ: స్ట్రెస్ హార్మోన్లు ఒంటికి విషం

అవి లేకపోతే అసలు బతకలేం. మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథులు ఆపద కనబడగానే అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ వెనుక కొద్ది నిమిషాలకు కార్టిసాల్ పెరిగి రక్తంలోకి చక్కెరను అందిస్తుంది. తుపాను రాత్రి ముసలివాళ్లను భుజానెత్తుకుని పక్కా ఇంటికి చేర్చే సత్తువ వీటిదే. ఆపద లేని రోజున కూడా కార్టిసాల్‌కు పని ఉంది. పొద్దున నిద్ర లేచిన అరగంటకు అది బాగా పెరుగుతుంది, అర్ధరాత్రికి తగ్గుతుంది.

చిక్కంతా అది ఆగకపోవడంతోనే. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీకి, పిట్యూటరీ అడ్రినల్‌కు కబురు పంపితే కార్టిసాల్ ఊరుతుంది. చాలినంత ఊరాక అదే మెదడుకు చేరి ఆ కబురును ఆపిస్తుంది. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు లాంటిదిది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందిలో ఈ ఏర్పాటు మందగిస్తుంది, రాత్రి తగ్గాల్సిన కార్టిసాల్ తగ్గదు. తెల్లవారకముందే మెలకువ రావడం, ఆకలి చావడం, దేనిమీదా మనసు నిలవకపోవడం వెనుక దీని పాత్ర కొంత ఉందని వైద్యులు భావిస్తున్నారు.

అపోహ: “సంద్రంల వలేసినోడికి బెంగేటి?”

బెంగ పిరికివాళ్లకే వస్తుందనే ఈ మాట చేసే చెడుపు అంతా ఇంతా కాదు. మన తీరంలో వేట చాలక శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. ఏడాదికి పైగా అక్కడ జైల్లో ఉన్నవాళ్లు గానీ, ఇక్కడ కళ్లలో వత్తులేసుకుని చూసిన ఇల్లాళ్లు గానీ ధైర్యం తక్కువవాళ్లా? గడువు తెలియని ఎదురుచూపు ఎంతటి ధైర్యవంతుడి హార్మోన్లనైనా కదిలిస్తుంది. కష్టపడ్డ ప్రతివారికీ డిప్రెషన్ రాదు. వంశపారంపర్యం, చిన్ననాటి దెబ్బలు, ఇతర జబ్బులు, పక్కన నిలిచే మనిషి ఉన్నారా లేరా అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. “గుండె రాయి చేసుకో” అన్న సలహా వీటిలో దేన్నీ మార్చదు.

అపోహ: గుండె దడ వస్తే గాలి సోకినట్టే

తుపాను చూసినవాళ్లకు మళ్లీ అక్టోబరులో కొబ్బరి కమ్మలు చప్పుడు చేస్తే చాలు, ఒళ్లు చల్లబడి, ఊపిరి అందక, “గుండెల ఏటోలాగుంది” అనిపించవచ్చు. ఆపద లేకుండానే అడ్రినలిన్ ఉప్పొంగడం ఇది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి క్రమంగా దిగుతుంది. మొదటిసారి వస్తే మాత్రం ఈసీజీ తీయించాల్సిందే, గుండెపోటు కాదని తేలాలి. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, దాంతోనే నెలలు గడిపేయకండి.

అపోహ: కార్టిసాల్ పరీక్ష చేయిస్తే డిప్రెషన్ ఉందో లేదో తెలిసిపోతుంది

తెలియదు. ఆ అంకె పొద్దున ఒకలా, సాయంత్రం మరోలా ఉంటుంది. డిప్రెషన్ ఉన్నా మామూలుగానే ఉన్నవారు ఎందరో. పెద్ద ప్రమాదాల తర్వాత వచ్చే మానసిక జబ్బులో కొందరికి తక్కువగా కూడా కనబడుతుంది. డెక్సామెథాసోన్ అనే మందు ఇచ్చి చేసే కార్టిసాల్ పరీక్ష మీద 1980ల్లో ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, రోగ నిర్ధారణకు అది నిలవలేదు. రెండు వారాలుగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి అడిగి తెలుసుకోవడమే నేటికీ అసలు పరీక్ష. డబ్బు పెట్టేదేదో థైరాయిడ్ పరీక్షకు పెట్టండి, థైరాయిడ్ హార్మోన్ లోపించినా ఇవే లక్షణాలు వస్తాయి.

ఇక్కడే ఇంకో మాట. కీళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొని మింగే మాత్రల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసలోన్ ఉండవచ్చు. అవి కార్టిసాల్‌లాగే పనిచేసే స్టెరాయిడ్లు. నెలల తరబడి వాడితే నిద్ర చెడుతుంది, చిరాకు, దిగులు రావచ్చు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం, ఎందుకంటే అప్పటికి సొంత గ్రంథి పని మానేసి ఉంటుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

అపోహ: కిడ్నీ జబ్బు ఉన్నవాడికి దిగులు సహజం, దానికి వైద్యమేటి?

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. ఉద్దానంలోని కవిటి, సోంపేట పల్లెల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్నది రచ్చబండ మాట. అంకె పెరిగిందంటే ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇక్కడ ఎందరికో వస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలకపోవడం ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది. ప్రపంచవ్యాప్తంగా డయాలసిస్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి డిప్రెషన్ ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నీరసం, ఆకలి లేకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి కాబట్టి దిగులు వాటి చాటున దాగిపోతుంది. మనవడు దగ్గరకొచ్చినా ముఖం విప్పారకపోతే, “నేనుండి ఏటి లాభం” అన్న మాట వినబడితే అది కిడ్నీ నీరసం కాదు. డిప్రెషన్ తగ్గితే మందులు, పథ్యం, డయాలసిస్ వాయిదాలు కూడా తప్పకుండా సాగుతాయి.

పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. ఇంట్లోంచే మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకండి. డిప్రెషన్ మందులు సాధారణంగా నిద్రమాత్రల్లా అలవాటు పడేవి కావు, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు తాజా క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి, కొన్ని మందుల మోతాదును కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాలి.