ఇంటికి ఇంటర్నెట్టు, టెలివిజను: ఎన్నిక ఎట్లు?

నేడు మన గ్రామములలో ఇంటర్నెట్టును, టెలివిజనును ఇంటింటికి అందించుటకు పలువురు పోటీపడుచున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో స్థాపించిన ఫైబర్‌నెట్ సంస్థ, కేంద్ర ప్రభుత్వ రంగమందలి బి.ఎస్.ఎన్.ఎల్., ప్రైవేటు కంపెనీలు, ఊరి కేబుల్ ఆపరేటర్లు: వీరిలో ఎవరిని ఎన్నుకొనవలెను?

ప్రకటనలోని ధరను మాత్రమే చూచి నిర్ణయించుకొనరాదు. ఇంటర్నెట్టు రుసుముపై 18 శాతము పన్ను గలదు. పన్ను కలుపక 500 రూపాయలని చెప్పిన పథకమునకు 590 రూపాయలు చెల్లింపవలసియుండును. వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున సెకనుకు 40 మెగాబిట్లనగా 5 మెగాబైట్లే. నెలకు విధించిన పరిమితి దాటిన పిమ్మట ఈ వేగము ఎంతకు తగ్గునో ముందే అడిగి తెలిసికొనవలెను. లేనిచో నెలాఖరున పిల్లల పాఠములు నడుమ నిలిచిపోవచ్చును.

టెలివిజను మాత్రమే చాలుననుకొను వారికి ప్రసార భారతివారి డీడీ ఫ్రీ డిష్ గలదు. డిష్షును, పెట్టెను కొనుటయే గాని నెలసరి రుసుము లేదు. అయితే కోరిన ఛానెళ్లన్నియు అందులో రావు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరమ్మతు. తీగ తెగినచో ఎన్నాళ్లకు వచ్చి అతుకుదురో ఇరుగుపొరుగు వారిని విచారింపుడు. ఒక నెల వాడి చూడక సంవత్సరపు రుసుము ముందుగా చెల్లింపవలదని మా సూచన. రసీదును, ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకొనుడు. ఇంటర్నెట్టు ఫిర్యాదు తీరనిచో, ఆ సంఖ్యతో ఆ సంస్థయందలి అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును.